అడుగుల లెక్క సరే, తీరిక మాటేమిటి?

*గడియారాలకూ ఫోన్ల విడిభాగాలకూ బండ్లకూ పేరుమోసిన ఊరు హోసూరు. చేతి గడియారమూ జేబులోని ఫోనూ ఇప్పుడు మన అడుగులు లెక్కపెడుతున్నాయి. ‘లేచి నాలుగడుగులు వెయ్యి, మనసు కుదుటపడుతుంది’ అని గుర్తుచేస్తున్నాయి. షిఫ్టంతా నిలబడి వచ్చిన కార్మికురాలికి ఆ మాట ఎలా వినిపిస్తుంది? కృష్ణగిరి జిల్లా కర్మాగారాల మీదుగా ఈ వారం ముఖచిత్ర కథనం.*

పొద్దున అయిదున్నరకు హోసూరు సిప్‌కాట్ దారిన నిలబడితే బస్సులే బస్సులు. కంపెనీ పేరు ముందు అద్దానికి అంటించుకుని వరసగా వస్తుంటాయి. ఆరింటి షిఫ్టుకు ఎక్కేవాళ్ళు ఒక పక్క, రాత్రి షిఫ్టు దిగి టీ కొట్టు దగ్గర ఆగేవాళ్ళు ఇంకో పక్క. వీళ్ళకు ఇప్పుడే తెల్లవారింది, వాళ్ళకు ఇప్పుడు పడుకునే వేళయింది. మెడలో గుర్తింపు కార్డు, చేతిలో ఫోను మాత్రం అందరికీ ఉన్నాయి. తమిళం, తెలుగు, కన్నడం ఈ ఊరికి పాత చుట్టాలు. ఇప్పుడు హిందీ, ఒడియా కూడా అదే టీ కొట్టు దగ్గర వినిపిస్తున్నాయి.

యాభై ఏళ్ళ కిందట ఇది చల్లటి గాలికి పేరున్న చిన్న ఊరు. 1970లలో తమిళనాడు ప్రభుత్వం సిప్‌కాట్ పారిశ్రామికవాడ పెట్టాక ఊరి జాతకం మారిపోయింది. అశోక్ లేలాండ్ లారీలు, టీవీఎస్ మోపెడ్లు 1980 ప్రాంతంలో ఇక్కణ్ణుంచే రోడ్డెక్కాయి. టాటాలు, తమిళనాడు పారిశ్రామికాభివృద్ధి సంస్థ కలిసి 1984లో మొదలుపెట్టిన టైటాన్‌కు తొలి వాచీల కర్మాగారం ఇక్కడే. 2004లో ధర్మపురి నుంచి విడిపోయి కృష్ణగిరి జిల్లా ఏర్పడింది. 2019లో హోసూరు కార్పొరేషన్ అయింది.

ఆ తర్వాత వచ్చిన అల ఇంకా పెద్దది. పోచంపల్లి దగ్గర (ఇక్కత్ చీరల పోచంపల్లి కాదు, కృష్ణగిరి జిల్లా పోచంపల్లి) 500 ఎకరాల్లో వెలిసిన స్కూటర్ల కర్మాగారాన్ని 10,000 మంది ఆడవాళ్ళతోనే నడుపుతామని ఓలా ఎలక్ట్రిక్ 2021 సెప్టెంబరులో ప్రకటించింది. డెంకణికోట తాలూకాలో టాటా ఎలక్ట్రానిక్స్ ఐఫోన్ల పైతొడుగులు తయారుచేస్తోంది. అక్కడ 60,000 మందికి పని దొరుకుతుందని, మొదటి 6,000 మంది రాంచీ, హజారీబాగ్ పరిసరాల గిరిజన యువతులేనని కేంద్రమంత్రి అశ్వినీ వైష్ణవ్ 2022 నవంబరులో చెప్పారు.

ఊరుకాని ఊరు, రాని భాష, హాస్టలు గది, వారానికోసారి మారే షిఫ్టు. వీటి మధ్య ఇరవై ఏళ్ళ అమ్మాయి మనసు ఎలా ఉందో అడిగేది ఎవరు? ఈ పని ఫోనుకు అప్పగిద్దామన్న ఆలోచన ఇప్పుడు ప్రపంచమంతటా ఊపందుకుంది. నడిపించే యాప్‌లు, యోగా నేర్పే యాప్‌లు, అడుగుల పోటీలు పెట్టే యాప్‌లు ఇందుకోసమే వచ్చాయి. ఒళ్ళు కదిలితే మనసు తేలికపడుతుందన్నది వాటి సూత్రం. ఆ సూత్రం అబద్ధం కాదు. అయితే అది ఎవరికి, ఎప్పుడు, ఎలా నిజమవుతుందో చూడాలి.

కదిలితే తేలికవుతుందా?

పనిచేసే వయసువాళ్ళలో సుమారు 15 శాతం మంది 2019లో ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. కుంగుబాటు, ఆందోళన వల్ల ఏటా 1200 కోట్ల పనిదినాలు పోతున్నాయి, నష్టం లక్ష కోట్ల డాలర్లు. మన దేశంలో బెంగళూరు నిమ్హాన్స్ 2015-16లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం పెద్దవాళ్ళలో 10.6 శాతం మందికి అప్పటికి మానసిక సమస్య ఉంది. వాళ్ళలో అత్యధికులకు వైద్యం అందలేదు.

ఇందులో వ్యాయామం పాత్రపై ఇప్పుడు సాక్ష్యం బాగానే ఉంది. 1.91 లక్షల మంది వివరాలున్న 15 అధ్యయనాలను 2022లో కలిపి చూశారు. వారానికి గంటంబావు చురుగ్గా నడిచేవాళ్ళకు, అసలు నడవనివాళ్ళతో పోలిస్తే కుంగుబాటు ముప్పు 18 శాతం తక్కువ ఉంది. రెండున్నర గంటలు నడిచేవాళ్ళకు 25 శాతం తక్కువ. 2024లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన సమీక్ష 218 ప్రయోగాలను క్రోడీకరించి, నడక లేదా జాగింగ్, యోగా, బరువులతో చేసే వ్యాయామం కుంగుబాటును తగ్గిస్తాయని తేల్చింది. ఈ లెక్కల్లో మెచ్చుకోవాల్సింది మొదటి మెట్టు. ఏమీ చెయ్యని మనిషి కాస్త చెయ్యడం మొదలుపెడితే వచ్చే లాభమే అన్నిటికన్నా ఎక్కువ.

కారణాలు కూడా అర్థంకానివేం కాదు. కండరం పనిచేస్తే నిద్ర గాఢమవుతుంది. ఒకే దిగులు చుట్టూ గింగిరాలు తిరిగే మనసుకు కాసేపు వేరే ధ్యాస దొరుకుతుంది. నలుగురితో కలిసి చేస్తే ఒంటరితనం తగ్గుతుంది. ‘ఈ పని నేను చెయ్యగలిగాను’ అన్న ధీమా వస్తుంది. అందుకే 2022 సెప్టెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ, పనిచోట మానసిక ఆరోగ్యంపై ఇచ్చిన మార్గదర్శకాల్లో నడక, యోగా వంటివి కార్మికులకు అందుబాటులోకి తేవచ్చని చెప్పింది. అయితే అక్కడొక ముఖ్యమైన షరతు ఉంది. అది తీరిక వేళ, మనసుపడి చేసే వ్యాయామం అయ్యుండాలి.

ఒళ్ళు హూనం కావడం వ్యాయామం కాదు

‘రోజంతా లైనులో నిలబడి, ట్రేలు మోసి, అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాంగా, మళ్ళీ వ్యాయామం దేనికి?’ హోసూరు కార్మికుల్లో ఎవరికైనా రావాల్సిన ప్రశ్నే ఇది. దీనికి శాస్త్రం ఇచ్చిన జవాబు ఆశ్చర్యపరుస్తుంది.

ఆమ్‌స్టర్‌డామ్ పరిశోధకుల నాయకత్వంలో 2018లో వచ్చిన ఒక సమీక్ష దాదాపు 1.93 లక్షల మంది వివరాలు పరిశీలించింది. పనిలో ఒళ్ళు ఎక్కువ వంచే మగవాళ్ళకు అకాల మరణం ముప్పు, తక్కువ శ్రమ చేసేవాళ్ళకన్నా 18 శాతం ఎక్కువని తేలింది. డెన్మార్క్ పరిశోధకుడు ఆండ్రియాస్ హోల్టర్‌మన్ బృందం దీన్ని ఏళ్ళ తరబడి అధ్యయనం చేస్తూ కారణాలు విప్పిచెప్పింది. తీరిక వేళ నడక ముప్పావుగంట ఉంటుంది, గుండె వేగం పెరిగి మళ్ళీ తగ్గుతుంది, తర్వాత విశ్రాంతి దొరుకుతుంది. పనిలో శ్రమ గంటల తరబడి సాగుతుంది, ఒకే భంగిమలో బిగుసుకుపోవాలి, ఎప్పుడు ఆపాలో తన చేతుల్లో ఉండదు. రెండోదానివల్ల రక్తపోటు రోజంతా పైనే ఉంటుంది.

మనసు విషయంలోనూ ఇంతే. ఆస్ట్రేలియా పరిశోధకులు 2017లో 98 అధ్యయనాలను కలిపి చూస్తే, తీరిక వేళ చేసే వ్యాయామం మంచి మానసిక ఆరోగ్యంతో ముడిపడి కనిపించింది. పనిలో చేసే శారీరక శ్రమ ఎక్కువగా ఉన్నచోట మానసిక సమస్యలే ఎక్కువ కనిపించాయి. కదలిక ఒకటే అయినా, దాన్ని ఎవరి ఇష్టప్రకారం చేస్తున్నామన్నది ఫలితాన్ని మార్చేస్తోంది.

మన దేశంలో 2022లో 49.4 శాతం పెద్దవాళ్ళు చాలినంత శారీరక శ్రమ చెయ్యడంలేదని, ఆడవాళ్ళలో అది 57 శాతమని ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధకులు 2024లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్‌లో లెక్కచెప్పారు. కుర్చీకి అతుక్కుపోయిన బెంగళూరు ఎలక్ట్రానిక్ సిటీ ఇంజినీరును దృష్టిలో పెట్టుకుంటే ‘లేచి నడవండి’ అన్న సలహా చక్కగా సరిపోతుంది. అక్కడికి ఇరవై పాతిక కిలోమీటర్ల దూరంలో ఉన్న హోసూరు అసెంబ్లీ లైనులో ఆ సలహా అసలు కుదరదు. ఇక్కడి కార్మికురాలికి ముందు కావాల్సింది కూర్చోవడం, నడుము వాల్చడం, కంటినిండా నిద్ర. ఆ తర్వాత తనకోసం తాను చేసుకునే కాస్త వ్యాయామం.

గేటు దగ్గరే ఆగిపోయే యాప్

అడుగుల లెక్క ఎలా జరుగుతుందో దగ్గరగా చూద్దాం. ఫోనులో గోరంత కూడా లేని ఒక సెన్సరు ఉంటుంది. పైకీ కిందకీ, ముందుకీ వెనక్కీ, పక్కలకీ జరిగే కుదుపులను అది కొలుస్తుంటుంది. నడిచేటప్పుడు కుదుపులు ఒక లయలో వస్తాయి. ఆ లయను గుర్తుపట్టి యాప్ ఒక్కో అడుగునూ లెక్కేస్తుంది. జేబులో ఉంటే సరిగ్గానే లెక్కపెడుతుంది. బల్ల మీద ఉంటే ఏమీ లెక్కపెట్టదు.

చాలా ఎలక్ట్రానిక్స్ కర్మాగారాల్లో ఫోను లోపలికి రానివ్వరు. గేటు దగ్గరో లాకరులోనో పెట్టి వెళ్ళాలి. రహస్యం బయటికి పోకూడదన్నది కంపెనీల మాట. కాబట్టి ఆరింటికి లోపలికెళ్ళిన మనిషి రెండింటికి బయటికొచ్చేదాకా ఆమె ఫోను లాకరులో నిద్రపోతుంటుంది. ఈలోగా ఆమె బస్సు నుంచి గేటుకు, గేటు నుంచి లాకరుకు, లైనుకు, క్యాంటీనుకు, మళ్ళీ లైనుకు తిరిగింది. మిగతా సమయమంతా ఒకేచోట కాళ్ళు మార్చుకుంటూ నిలబడింది. బయటికొచ్చి ఫోను తెరిస్తే యాప్ నిష్ఠూరమాడుతుంది, ఈరోజు మీరు కదల్లేదని. పిక్కలు లాగేస్తున్న మనిషికి ఆ సందేశం ఎంత ఒళ్ళుమండిస్తుందో వేరే చెప్పక్కర్లేదు. రెండ్రోజులు చూసి మూడో రోజు యాప్ తీసేస్తుంది.

చేతికి కట్టే బ్యాండుదీ ఇదే కథ. టైటాన్ తన ఫాస్ట్రాక్ పేరుతో 2017లో ఫిట్‌నెస్ బ్యాండ్ తెచ్చింది, 2020లో హైదరాబాదుకు చెందిన హగ్ ఇన్నోవేషన్స్ అనే స్మార్ట్‌వాచీల సంస్థను కొనుక్కుంది. ఈ పరికరాల ధర రానురానూ దిగివచ్చింది కూడా. కానీ మణికట్టు మీది పరికరం ఏ చెయ్యి ఊగినా అడుగే అనుకోవచ్చు. స్క్రూ బిగించే చెయ్యి ఊగితే అది నడక కాదు. నిలబడి నిలబడి వచ్చిన నడుము నొప్పి దానికి అసలే కనబడదు.

పరికరం పనికిరాదని కాదు దీనర్థం. 2022లో లాన్సెట్ డిజిటల్ హెల్త్ ప్రచురించిన సమీక్షలో సుమారు 1.64 లక్షల మంది వివరాలున్నాయి. ఇలాంటి పరికరాలు వాడినవాళ్ళు సగటున రోజుకు 1800 అడుగులు అదనంగా వేశారు. అది తక్కువేం కాదు. అయితే మనసు తేలికపడటం దగ్గరికొచ్చేసరికి ఆ ఫలితం చాలా చిన్నది, చాలాచోట్ల లెక్కకు కూడా నిలవలేదు. అడుగులు పెరిగినంత మాత్రాన దిగులు దానంతటదే తగ్గదన్నమాట.

రేడియో నుంచి యాప్ దాకా

సాంకేతికతతో కార్మికులచేత వ్యాయామం చేయించాలన్న ఆలోచన కొత్తది కాదు. జపాన్‌లో 1928 నవంబరు 1న ‘రేడియో తైసో’ మొదలైంది. పియానో వాయిస్తూ ఉంటే రేడియోలో గొంతు చెప్పినట్టు చేతులూ నడుమూ కదిలించడమే. పోస్టల్ జీవితబీమా శాఖ చొరవ అది. బడుల్లో, కర్మాగారాల్లో, వీధి మైదానాల్లో జనం కలిసి చేసేవారు. యుద్ధం తర్వాత కొన్నాళ్ళు ఆగి, 1951లో కొత్త రూపంలో మళ్ళీ వచ్చింది. ఇప్పటికీ నడుస్తోంది. ఒక్కో విడత మూడు నిమిషాలు కూడా ఉండదు. దానికి ఫోను అక్కర్లేదు, ఖాతా తెరవక్కర్లేదు, ఒంటరిగా చెయ్యక్కర్లేదు. ఫోను లోపలికి రాని హోసూరు లైనుకు ఈ దాదాపు వందేళ్ళ నాటి పద్ధతే యాప్‌కన్నా దగ్గరగా ఉంది.

ఈ అలవాటు మారుతి ద్వారా మన దేశానికీ వచ్చింది. 1983లో ఉత్పత్తి మొదలుపెట్టిన గుర్గావ్ ప్లాంటులో షిఫ్టు మొదట్లో వ్యాయామం జపాన్ పద్ధతిలో ప్రవేశపెట్టారు. అదే కంపెనీ మానేసర్ ప్లాంటులో 2011లో సమ్మెలు జరిగినప్పుడు కార్మికులు ఏకరువుపెట్టిన బాధల్లో ఏడున్నర నిమిషాల టీ విరామం ఒకటి. అంత సేపట్లోనే టీ తాగాలి, మరుగుదొడ్డికి వెళ్ళి రావాలి. పొద్దున వ్యాయామం ఎంత చక్కగా చేయించినా, తర్వాతి ఎనిమిది గంటలు ఊపిరాడనివ్వకపోతే ఆ వ్యాయామం ఎవరి మనసుకూ ఆనదు.

పదివేల అడుగుల లెక్కది కూడా జపానే. టోక్యో ఒలింపిక్స్ ఊపులో 1965లో ఒక కంపెనీ నడుముకు పెట్టుకునే అడుగుల మీటరును పదివేల సంఖ్యతో ప్రచారం చేసి అమ్మింది. ఏ వైద్యుడూ కొలిచి చెప్పిన లెక్క కాదది. 2024 చివర్లో 33 అధ్యయనాలను, సుమారు 96,000 మందిని కలిపి చూసిన సమీక్షలో రోజుకు 5000 అడుగులు దాటినవాళ్ళలోనే కుంగుబాటు లక్షణాలు తక్కువగా కనిపించాయి. మరీ అలసిన రోజు పదివేలకోసం పాకులాడక్కర్లేదు.

ఉద్యోగుల అడుగుల పోటీని ప్రపంచస్థాయికి తీసుకెళ్ళినవాటిలో ఒక భారతీయ సంస్థ కూడా ఉంది. ముంబైలో పుట్టిన ‘స్టెప్‌థలాన్’ వంద రోజుల కార్యక్రమం. జట్టుగా చేరాలి, పెడోమీటరు పెట్టుకోవాలి, అడుగులు ఆన్‌లైన్లో నమోదుచెయ్యాలి. 2012 నుంచి 2014 దాకా 55 దేశాల్లో 1481 సంస్థల నుంచి 69,219 మంది పాల్గొన్న వివరాలను 2016లో ఒక అమెరికన్ హృద్రోగ పత్రిక ప్రచురించింది. సగటున రోజుకు 3500 అడుగులు పెరిగాయి, కూర్చునే సమయం ముప్పావుగంట దాకా తగ్గింది. ఇలాంటి వంద రోజుల కార్యక్రమమే మెల్‌బోర్న్‌లో జరిగితే ఒత్తిడి, ఆందోళన, కుంగుబాటు లక్షణాలు కొద్దిగా తగ్గాయి. పదివేలు దాటినవాళ్ళకూ దాటనివాళ్ళకూ ఆ మేలు ఒకేలా దక్కడం ఆసక్తికరం. అడుగుల సంఖ్య కన్నా జట్టుగా చేరడమే పనిచేసిందేమోనన్న ఊహకు అది తావిస్తుంది.

పోస్టరు వెనక నిజం

ఇక నాణేనికి రెండోవైపు. అమెరికాలో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం తన ఉద్యోగులు దాదాపు 5000 మందిని చీటీలు తీసినట్టు రెండు వర్గాలు చేసి, ఒక వర్గానికి ఆరోగ్య కార్యక్రమం ఇచ్చింది. ఆరోగ్యంలోనూ వైద్య ఖర్చుల్లోనూ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అంతకుముందే ఆరోగ్యంగా ఉన్నవాళ్ళే ఎక్కువగా చేరారని 2019లో తేలింది. ఆక్స్‌ఫర్డ్ పరిశోధకుడు విలియం ఫ్లెమింగ్ 2024లో బ్రిటన్‌లోని 233 సంస్థల్లో 46,336 మంది వివరాలు చూశారు. యాప్‌లు, ఒత్తిడి తట్టుకునే శిక్షణలు వంటి వాటిలో పాల్గొన్నవాళ్ళ మానసిక స్థితి, పాల్గొననివాళ్ళకన్నా మెరుగ్గా ఏం లేదు. మనిషిని సరిచేసే ప్రయత్నం కన్నా పని పద్ధతిని సరిచేస్తే మేలన్నది ఆయన తేల్చిన మాట.

పని పద్ధతి అంటే మొదట పని గంటలు. తమిళనాడు శాసనసభ 2023 ఏప్రిల్ 21న రోజుకు 12 గంటల పనికి వీలిచ్చే ఫ్యాక్టరీల సవరణ బిల్లును ఆమోదించింది. కార్మిక సంఘాలు, అధికార కూటమిలోని మిత్రపక్షాలు కూడా గట్టిగా ఎదురుతిరగడంతో ముఖ్యమంత్రి స్టాలిన్ మే డే నాడు దాన్ని వెనక్కి తీసుకుంటున్నట్టు చెప్పారు. సరిహద్దు అవతల కర్ణాటక అదే ఏడాది ఫిబ్రవరిలో 12 గంటలకు దారి తెరిచింది. ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం 2025 జూన్‌లో రోజు పని గరిష్ఠాన్ని 9 నుంచి 10 గంటలకు పెంచాలని నిర్ణయించింది. ఒక చేత్తో గంటలు పెంచుతూ ఇంకో చేత్తో వ్యాయామం యాప్ పంచితే నమ్మేదెవరు? నిలబడి పనిచేసేవాళ్ళకు వీలు దొరికినప్పుడు కూర్చునే ఏర్పాటు ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 44వ సెక్షన్లోనే రాశారు. డెబ్బై ఏళ్ళు దాటినా చాలాచోట్ల ఆ స్టూలు ఇంకా లైను దగ్గరకు చేరలేదు.

ఆ లెక్క ఎవరి చేతికి?

ఫోను నమోదుచేసేది అడుగులొక్కటే కాదు. ఎన్నింటికి పడుకున్నదీ, ఎప్పుడు లేచిందీ, గుండె ఎంత కొట్టుకుందీ, నెలసరి ఎప్పుడొచ్చిందీ, మనసు బాగాలేదని ఏ రోజు నొక్కిందీ అన్నీ ఉంటాయి. కంపెనీ ఇచ్చిన యాప్‌లో ఈ వివరాలు పెడితే అవి సూపర్‌వైజరుకూ హెచ్.ఆర్.కూ చేరవన్న భరోసా ఏది? మన దేశంలో 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, ఉద్యోగానికి సంబంధించిన అవసరాలకు సమాచారం వాడుకునేందుకు యజమానులకు వేరుగా అనుమతి అక్కర్లేని వెసులుబాటు ఇచ్చింది. ఆ తలుపు ఎంతవరకు తెరుచుకుంటుందన్నది ముందుముందు కోర్టులు తేల్చాలి. ఈలోగా ‘దిగులుగా ఉంది’ అని యాప్‌లో నొక్కితే కాంట్రాక్టు పొడిగించరేమోనన్న భయం ఉన్న అమ్మాయి, ప్రతిరోజూ నవ్వు బొమ్మే నొక్కుతుంది.

ఈ భయం ఊరికే పుట్టింది కాదు. 2025 నవంబరులో హోసూరు దగ్గర నాగమంగలంలో మహిళా కార్మికుల వసతి గృహం స్నానాల గదిలో రహస్య కెమెరా బయటపడింది. పెద్దసంఖ్యలో ఆడవాళ్ళు రాత్రికి రాత్రి రోడ్డెక్కారు. అలాంటి అనుభవం తర్వాత ‘మీ నిద్రను గమనిస్తాం, మీ మనసును గమనిస్తాం’ అంటూ వచ్చే ఏ యాప్‌కైనా మొదట నమ్మకం సంపాదించుకోవడమే పెద్ద పని.

చేరువలో ఉన్న దారులు

నిజానికి కృష్ణగిరి జిల్లాకు ఈ విషయంలో ఒక పెద్ద ఘనత ఉంది. గడప దగ్గరకే వైద్యం తెచ్చే తమిళనాడు పథకం ‘మక్కళై తేడి మరుత్తువం’ 2021 ఆగస్టు 5న ఈ జిల్లా సామనపల్లిలోనే మొదలైంది. ఇంటింటికీ తిరిగే మహిళా ఆరోగ్య కార్యకర్తలు రక్తపోటు, షుగరు చూసి మందులిస్తారు, అవసరమైనవాళ్ళకు ఇంటికే ఫిజియోథెరపీ వస్తుంది. 2024లో ఐక్యరాజ్యసమితి అవార్డు దీనికి దక్కింది. అదే ఏడాది పనిచోటుకే వెళ్ళి పరీక్షలు చేసే పథకాన్ని కూడా రాష్ట్రం మొదలుపెట్టింది. 2023 నవంబరు 4న ప్రతి జిల్లాలోనూ 8 కిలోమీటర్ల నడక బాట గుర్తించే కార్యక్రమం వచ్చింది. ఇంటికొచ్చే ఆ అక్క బీపీ చూసేటప్పుడే ‘నిద్ర పడుతోందా, ఎవరితోనైనా మాట్లాడుతున్నావా?’ అని అడిగేలా శిక్షణ ఇస్తే చాలు. అందుకు కొత్త యాప్ కూడా అక్కర్లేదు.

రెండో దారి టెలి మానస్. 2022 అక్టోబరు 10న మొదలైన ఈ ఉచిత సేవ నంబరు 14416. పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగుతో సహా అనేక భాషల్లో మాట్లాడొచ్చు. దీనికి పెద్దదిక్కు నిమ్హాన్స్. ఆ ఆసుపత్రి బెంగళూరులో ఉన్నది హోసూరు రోడ్డు మీదే. నిద్రపట్టని మనిషి రాత్రి రెండింటికి కూడా చేయగలిగే ఫోను ఇది. వ్యాయామం చెప్పే ప్రతి యాప్‌లోనూ, ప్రతి క్యాంటీను గోడ మీదా ఈ నంబరుండాలి. ఎందుకంటే నడక అన్ని దిగుళ్ళకూ మందు కాదు. బతకాలనిపించని స్థితిలో ఉన్న మనిషికి ‘నడువు’ అని చెప్పడం అపచారం.

మూడోది భాష. బాగలూరు, బేరికె, శూలగిరి, వేపనపల్లి వైపు ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబాలు ఎన్నో. కుప్పం, చిత్తూరు వైపు నుంచి వచ్చి గదుల్లో ఉండేవాళ్ళు మరికొందరు. ఇక్కడే పుట్టిపెరిగినవాళ్ళలో తెలుగు చదవడం రానివాళ్ళు చాలామంది, తమిళ బడుల్లో చదువుకున్నారు కాబట్టి. తెలుగు అక్షరాల్లో ఉన్న సలహా వీళ్ళకు అందదు, గొంతులో ఉన్నది అందుతుంది. అంతేకాదు, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో సొంతంగా వాడుకునే ఫోనున్న ఆడవాళ్ళు 54 శాతమే.

హోసూరుకు తగ్గ పద్ధతి

ఇవన్నీ కలిపి చూస్తే ఇక్కడికి తగ్గ పద్ధతి ఒకటి కళ్ళముందు రూపుకడుతుంది. అందులో మొదటిది సమయం. షిఫ్టు మధ్యలో, జీతంలో భాగంగా, టీ విరామం కాకుండా ఒక పది నిమిషాలు. లైను ఆగాలి. అది కార్మికుడి తీరికలోంచి కోసినది కాకూడదు.

రెండోది గొంతు. ఫోను లాకరులో ఉంటుంది కాబట్టి లైనులో స్పీకరు మోగాలి. తమిళంలో ఒకరోజు, తెలుగులో ఒకరోజు, హిందీలో ఒకరోజు. చెప్పేది ఎక్కడో స్టూడియోలో కూర్చున్న శిక్షకుడు కాకుండా, లైనులో అందరూ అక్కా అని పిలిచే సీనియరైతే ఇంకా మంచిది. ఆయుష్ శాఖ 2021 సెప్టెంబరులో తెచ్చిన వై-బ్రేక్ యాప్‌లో అయిదు నిమిషాల యోగా విరామం సిద్ధంగానే ఉంది. దాన్ని నిలబడి పనిచేసేవాళ్ళకు తగ్గట్టు మార్చుకోవడం ఫిజియోథెరపిస్టుకు పెద్ద పనేం కాదు.

మూడోది జట్టు. ఫోను తన ప్రతాపం చూపించగలిగేది ఇక్కడే. హాస్టలు గదిలో నలుగురో, ఒకే బస్సులో వెళ్ళే ఎనిమిది మందో వాట్సాప్‌లో ఒక గుంపు పెట్టుకుంటారు. ‘ఆదివారం పొద్దున రామనాయకన చెరువు గట్టు దగ్గరికి వస్తారా?’, ‘చంద్రచూడేశ్వరుడి కొండ మెట్లెక్కుదామా?’ అని ఒక వాయిస్ మెసేజి. ఎవరు ముందు, ఎవరు వెనక అన్న పట్టిక దీనికి అక్కర్లేదు. రాని మనిషిని ‘ఏమే, రెండు వారాలుగా కనబళ్ళేదు, ఒంట్లో బాగుందా?’ అని అడిగే మనిషి ఉంటే అదే ఇందులో వైద్యం. ఆడవాళ్ళు ఆ గట్టు మీద భయం లేకుండా నడవాలంటే వెలుతురు, బస్సు, మరుగుదొడ్డి ఉండాలి. అవి కార్పొరేషన్ బాధ్యత, యాప్ బాధ్యత కాదు.

నాలుగోది లెక్క. ఏ వివరమైనా కార్మికుడి ఫోనులోనే ఉండాలి. కంపెనీకి ఏదైనా కావాలంటే పేర్లు లేని సగటులే వెళ్ళాలి.

| నిలబడి పనిచేసేవాళ్ళకు పది నిమిషాలు |
|---|
| కూర్చుని, రెండు కాళ్ళూ ముందుకు చాచి పాదాలు ముందుకూ వెనక్కూ పదిసార్లు. పిక్కల్లో నిలిచిన రక్తం కదులుతుంది. |
| గోడకు చేతులానించి, ఒక కాలు వెనక్కు పెట్టి, మడమ నేలకు ఆన్చి అర నిమిషం. తర్వాత రెండో కాలు. |
| భుజాలు చెవుల దాకా ఎత్తి వదలడం, ముందుకూ వెనక్కూ తిప్పడం. |
| నడుము మీద చేతులు పెట్టుకుని నెమ్మదిగా వెనక్కు వంగడం, అయిదుసార్లు. |
| ముక్కుతో నెమ్మదిగా పీల్చి, అంతకన్నా నెమ్మదిగా వదలడం, రెండు నిమిషాలు. |
| రాత్రి షిఫ్టు దిగినవాళ్ళు పడుకునేముందు గట్టి వ్యాయామం చెయ్యొద్దు. నిద్రలేచాక నడవండి. |
| గర్భిణులు, నడుం నొప్పి, గుండె జబ్బు ఉన్నవాళ్ళు ముందు డాక్టరును అడగండి. |
| రెండు వారాలు దాటి దిగులు, నిద్రలేమి వదలకపోతే 14416కు ఫోను చెయ్యండి. |

ఒప్పందంలో ఒక పేరా

ఇది హోసూరుతో ఆగే కథ కాదు. పెనుకొండ దగ్గర కియా, తిరుపతి జిల్లా శ్రీసిటీలో ఫోన్లూ ఏసీలూ తయారుచేసే కంపెనీలు, హైదరాబాదు చుట్టూ మందుల కర్మాగారాలు. ఎక్కడ చూసినా అదే వయసు పిల్లలు, అవే హాస్టళ్ళు, అవే షిఫ్టులు. ఈరోజు హోసూరులో ఏ అలవాటు కుదిరితే రేపు అక్కడా అదే వస్తుంది.

హోసూరు పెద్ద కంపెనీల్లో కొన్నేళ్ళకోసారి వేతన ఒప్పందం జరుగుతుంది. జీతం ఎంత, బోనస్ ఎంత, క్యాంటీను ఎలా అన్నవి అందులో ఉంటాయి. ఈసారి అందులో ఒక పేరా చేర్చమని అడగొచ్చు: షిఫ్టులో పది నిమిషాల జీతంతో కూడిన వ్యాయామ విరామం, లైను దగ్గర కూర్చునే స్టూలు, ఆరోగ్య యాప్ వివరాలు కంపెనీ చూడకూడదన్న నిబంధన. ఒప్పందం పరిధిలోకి రాని కాంట్రాక్టు కార్మికులకూ ట్రైనీలకూ ఇవి వర్తించాలన్నది ఇంకో వాక్యం. ఎందుకంటే మనసు ఎక్కువగా నలిగేది వాళ్ళదే. అడుగులు లెక్కపెట్టడానికి ఏ ఫోనైనా చాలు. ఆ అడుగులకు పది నిమిషాలు రాసివ్వాల్సింది యాజమాన్యం, పట్టుబట్టి రాయించుకోవాల్సింది సంఘం.